భీం తుపాకిలోకి మందు ఎక్కడిది?



మన సంఘం సంచికల్లో జల్, జంగల్, జమీన్ గురించి ఎన్నో వ్యాసాలు వచ్చాయి. కొమరం భీం పోరాటం గురించి మీరు బడిలోనూ చదువుకున్నారు. ఈసారి నేను ఒక చిన్న విషయం తీసుకున్నాను. భీం విగ్రహాల్లో, బొమ్మల్లో చాలావాటిలో చేతిలో తుపాకి ఉంటుంది. ఆ తుపాకిని అందరం చూస్తాం. అందులోకి పోయే మందు, గుండు ఎక్కడివి, ఎవరు నింపారు, అయిపోతే ఏం చేశారు అని మాత్రం అడగం. మా హాస్టల్లో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె అడిగింది. "మేడం, భీంకు తూటాలు ఎవరు అమ్మారు?" మన పెద్దల చేతిలో ఎక్కువగా ఉన్నవి నాటు తుపాకులు, వాటిలో కొనుక్కొచ్చిన తూటా పట్టదు అని అప్పటికి చెప్పాను. పూర్తి జవాబు కావాలంటే నాలుగు వందల ఏళ్ల కథ చెప్పాలి. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మాటల సంగతి చూద్దాం. తెలుగులో 'మందు' అంటే జ్వరానికి వేసుకునేదీ మందే, పత్తి మీద కొట్టేదీ మందే, సాయంత్రం కొందరు తాగేదీ మందే. తుపాకిలో పోసేదీ మందే. తుపాకిని సిద్ధం చేయడాన్ని 'బారు చేయడం' అంటారు. లోపలికి కూరి గట్టిచేయడం 'దట్టించడం'. దట్టించడానికి వాడే పొడుగు ఇనుప కడ్డీ 'గజం'. చిన్న సీసపు గుండ్లు 'ఛర్రాలు' లేదా 'రవ్వలు'. మందు తడవకుండా దాచుకోవడానికి పశువు కొమ్ము వాడేవారు. కాలుస్తున్నప్పుడు ముందుగా నిప్పు పుట్టించే చిన్న రాగి మూత 'టోపీ'. మూతి నుంచి నింపే ఈ తుపాకిని ఉత్తరాది మాటతో 'భర్మార్' అంటారు, మన దగ్గర నాటు తుపాకి అంటే సరిపోతుంది. ఈ మాటలన్నీ ఇంట్లో, పెరట్లో పుట్టిన మాటలు. కార్ఖానా మాటలు కావు. ఆ కాలంలో తుపాకి నింపడం ఇంటి పని కాబట్టి మాటలూ ఇంటివే.

నల్లమందులో ఉండేవి మూడే సరుకులు. సురేకారం, గంధకం, కర్రబొగ్గు. గంధకం బయటి నుంచి రావాలి. సురేకారం చవిటి మట్టి నుంచి, పశువుల కొట్టాల దగ్గరి మట్టి నుంచి తీసేవారు. కర్రబొగ్గు మన అడవిదే. గమనించండి, మన గోదావరిఖని కింద దొరికే రాతిబొగ్గు ఇందులో పనికిరాదు. పేరు ఒకటే, పని వేరు. తయారీ గురించి ఇంతకు మించి రాయను. ఎందుకు రాయనో చివర్లో మీకే అర్థమవుతుంది.

మందుతో మన చరిత్రకు సంబంధం భీంతో మొదలవలేదు. 1564 జూన్‌లో గఢా మండ్లా గోండు రాణి దుర్గావతి మీదికి అక్బరు సేనాని ఆసఫ్‌ఖాన్ దండెత్తి వచ్చాడు. నర్రై దగ్గర లోయలో మొదటి రోజు రాణిదే పైచేయి అయింది. ఆ రాత్రికి రాత్రే శత్రువు మీద పడదామని ఆమె అన్నదట, సర్దారులు ఒప్పుకోలేదట. తెల్లారేసరికి ఆసఫ్‌ఖాన్ పెద్ద ఫిరంగులు లోయలోకి వచ్చేశాయి. జూన్ 24న ఆమె యుద్ధభూమిలోనే ప్రాణం తీసుకున్నది. ఈ కథను మనం ధైర్యానికి గుర్తుగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. నాకు మాత్రం ఇందులో రాణి తెలివి ఎక్కువగా కనిపిస్తుంది. మందుగుండు వచ్చి చేరకముందే పని ముగించాలని ఆమె లెక్క వేసింది. ఆ లెక్క తప్పు కాదు.

మన ప్రాంతానికి ఇనుము పనిలో గొప్ప పేరుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు పర్షియా దాకా పోయింది, అక్కడ కత్తులైంది. నిర్మల్‌లో ఫిరంగులు పోతపోసిన కార్ఖానా ఉండేది. హైదరాబాద్‌లో గన్‌ఫౌండ్రీ అని బస్టాపు పేరు మీరు వినే ఉంటారు. అది 18వ శతాబ్దం చివర్లో నిజాం కొలువులోని ఫ్రెంచి అధికారి రేమండ్ పెట్టిన ఫిరంగుల కార్ఖానా. తుపాకి చేయడం, బాగుచేయడం తెలిసిన కమ్మరులు పల్లెపల్లెనా ఉన్న నేల మనది. 1857 తర్వాత రాంజీ గోండు రోహిల్లాలతో చేయి కలిపి నిర్మల్ చుట్టుపక్కల అంత కాలం నిలబడటానికి ఇది కూడా ఒక కారణమని నా అభిప్రాయం. తుపాకి పాడైతే బాగుచేసే చేయి ఊళ్లోనే ఉంది. మందు అయిపోతే మళ్లీ చేసే చేయీ ఉంది. 1860లో ఆయన్ను నిర్మల్‌లో ఉరితీశారు. ఆయనతో పాటు వెయ్యి మందిని ఒకే మర్రికి ఉరితీశారని పెద్దలు చెబుతారు. వెయ్యి ఉరుల మర్రి అనే పేరు అట్లా నిలిచింది.

సరిగ్గా ఆ కాలంలోనే ప్రపంచంలో తుపాకి మారిపోయింది. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, మన ఓటములకు సగం కారణం ఇక్కడుంది.

1857 తిరుగుబాటు దేనితో మొదలైందో మీకు తెలుసు. ఎన్‌ఫీల్డ్ తుపాకి తూటా కాగితానికి పూసిన కొవ్వుతో. ఆ తూటా అంటే కాగితపు పొట్లం. అందులో మందు, గుండు కలిపి ఉంటాయి. సిపాయి దాన్ని పంటితో చింపి మందును గొట్టంలో పోయాలి. అంటే అప్పటికీ తుపాకి నింపేది సిపాయి చేతులే. పదేళ్లు తిరగకముందే ఇత్తడి తూటా వచ్చింది. ఇత్తడి గొట్టం, దాని అడుగున దెబ్బ తగిలితే నిప్పు పుట్టే చిన్న టోపీ, లోపల మందు, మూతి దగ్గర గుండు. నాలుగూ ఒకే ముక్క. తుపాకిని వెనక నుంచి తెరిచి పెడితే చాలు. టోపీ అమరికలో రెండు పద్ధతులు స్థిరపడ్డాయి. ఒకటి ఇంగ్లండుకు చెందిన బాక్సర్‌ది, రెండోది అమెరికాకు చెందిన బెర్డాన్‌ది. రెండూ 1866 నాటివే. వింత ఏమిటంటే బాక్సర్ పద్ధతి అమెరికాలో స్థిరపడింది, బెర్డాన్ పద్ధతి ఐరోపాలో స్థిరపడింది. బాక్సర్ పద్ధతిలో పేలిన టోపీని తీసి కొత్తది పెట్టడం తేలిక. అందుకే అమెరికాలో ఖాళీ ఇత్తడి గొట్టాన్ని ఇంట్లోనే మళ్లీ నింపుకోవడం ఒక అలవాటుగా పెరిగింది. 1880ల నుంచే అక్కడ చేతిలో ఇమిడే పట్టకారు లాంటి పనిముట్లు దానికోసం అమ్మేవారు. ఇప్పుడు కూడా అక్కడ లక్షల మంది అట్లా చేసుకుంటారు, చట్టం ఒప్పుకుంటుంది. ఆ దేశపు సంగతి అది.

మనకు కావలసింది అక్కడి ఆదివాసుల సంగతి. మైదానాల్లోని లకోటా, షయాన్ ప్రజలకు తుపాకులు దొరికాయి. సంతలో కొన్నవి కొన్ని, గెలుచుకున్నవి కొన్ని. తూటాలు మాత్రం వ్యాపారి దయ మీద, సైన్యం దయ మీద ఆధారపడి ఉండేవి. వాళ్లేం చేశారు? కాల్చిన ఇత్తడి గొట్టాల్ని పారేయలేదు. ఏరుకున్నారు, దాచుకున్నారు, దొరికిన సరుకుతో మళ్లీ నింపారు. డాడ్జ్ అనే అమెరికన్ సైనికాధికారి తన పుస్తకంలో ఈ సంగతి ఆశ్చర్యపడుతూ రాశాడు. 'అడవి మనుషులకు' ఇంత నైపుణ్యం ఎట్లా వచ్చిందని వాళ్ల ఆశ్చర్యం. అవసరం ఉన్నచోట నైపుణ్యం వస్తుంది, అందులో ఆశ్చర్యానికి ఏముంది? 1876లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర కస్టర్ దళం ఓడిపోయింది. వందేళ్ల తర్వాత, 1983లో అక్కడి గడ్డి తగలబడి నేల బయటపడితే పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వారు. నేలలో దొరికిన ఖాళీ తూటాల్ని ఒక్కొక్కటి లెక్కపెట్టి, ఎవరు ఎక్కడ నిలబడి ఏ తుపాకి కాల్చారో గుర్తించారు. సైన్యం రాసుకున్న కథ ఒకటి, ఇత్తడి చెప్పిన కథ ఇంకొకటి. జోడెఘాట్ గుట్టల్లో అట్లాంటి పని ఒకటి జరగాలని నా కోరిక. మీలో ఎవరైనా పురావస్తు శాస్త్రం చదివితే గుర్తుంచుకోండి.

మన దేశంలో తెల్ల ప్రభుత్వం 1857 నుంచి రెండు పాఠాలు నేర్చుకున్నది. ఒకటి, భారతీయ సిపాయికి తెల్ల సైనికుడి కంటే ఒక తరం వెనకబడిన తుపాకి ఇవ్వాలి. రెండు, జనం చేతిలో ఆయుధమే లేకుండా చేయాలి. రెండో పాఠమే 1878 నాటి ఆయుధ చట్టం. లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు వచ్చింది. భారతీయుడు తుపాకి పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి, యూరోపియన్‌కు అక్కర్లేదు. ఈ తేడా గురించి అందరూ రాస్తారు. నేను చూపించాలనుకున్నది ఇంకొకటి. ఆ చట్టం తుపాకి దగ్గర ఆగలేదు. సీసం, గంధకం, సురేకారం వంటి సరుకుల మీద కూడా, అవసరమనుకున్న చోట ఆంక్షలు పెట్టే అధికారం తెచ్చుకున్నది. తుపాకి గోడకు వేలాడుతున్నా పర్వాలేదు, పెరట్లో మందు తయారు కాకూడదు. ఇంటి పనిని నేరంగా మార్చిన చట్టం అది. కల్లు గీతను, పోడును, సారాను ఎట్లా నేరం చేశారో ఇదీ అట్లాగే.

మన ఆదిలాబాద్, కరీంనగర్ నిజాం రాజ్యంలో ఉన్నాయి కాబట్టి ఈ చట్టం నేరుగా మనకు వర్తించలేదు. నిజాం సర్కారుకు తన నిబంధనలు తనకు ఉన్నాయి. గోదావరి దిగువన రంప, గూడెం ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. దాని ఫలితం అక్కడ కనిపిస్తుంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర, వాళ్ల వెంట కోయ, కొండదొర, బగత యువకులు వరుసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్లు పట్టుకున్నారు. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మొత్తం 26 తుపాకులు, 2,500 తూటాలు దొరికాయి. ఆ రోజుల్లో అది పెద్ద గెలుపు.

ఇప్పుడు లెక్క చేయండి. 2,500ను 26తో భాగిస్తే తుపాకికి వంద కూడా రాదు, 96 వస్తుంది. గురి నేర్చుకోవడానికి ఖర్చయ్యేవి, వానలో తడిసి పాడయ్యేవి తీసేస్తే ఎన్ని మిగులుతాయి? రెండేళ్ల పోరాటానికి ఒక్కో తుపాకికి 96 తూటాలు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారుల్ని మట్టుపెట్టారు. ఆ దెబ్బతో ప్రభుత్వానికి సంగతి అర్థమైంది. అక్టోబరులో రాజు ముందే చెప్పి అడ్డతీగల స్టేషనుకు పోయాడు. అక్కడ తుపాకులు, తూటాలు లేవు. పోలీసులు ముందే తరలించేశారు. రాజు ధైర్యానికి గుర్తుగా ఈ సంఘటన చెబుతారు. నాకు ఇందులో ప్రభుత్వం యుక్తి కూడా కనిపిస్తుంది. మనుషుల్ని ఎదుర్కోవడం కన్నా తూటా దొరక్కుండా చేయడం తేలికని వాళ్లకు తెలిసింది. మలబారు పోలీసులు, తర్వాత అస్సాం రైఫిల్స్ దిగారు. డిసెంబరులో పెద్దగడ్డపాలెం దగ్గర మనవాళ్లు చాలామంది చనిపోయారు. 1924 మే 7న రాజును చంపారు. ఒక నెల తర్వాత గంటందొరను.

ఒక సినిమాలో భీం, రాజు ఇద్దరూ కలిసి ఢిల్లీలో తుపాకుల కోసం పోరాడినట్టు చూశారు కదా. అది కల్పన, తీసినవాళ్లే చెప్పారు. ఇద్దరూ కలిశారనే ఆధారం లేదు. ఆ సినిమాలో ప్రతి చేతికీ తుపాకి అందితే చాలన్నట్టు ఉంటుంది. చాలదు. 1922 లెక్క మీరే చేశారు.

ఇక తూటా ఎవరి కోసం ఎట్లాంటిది తయారైందో కూడా తెలుసుకోవాలి. 1890ల్లో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ కార్ఖానాలో, తగలగానే ముందు భాగం విచ్చుకుని పెద్ద గాయం చేసే తూటా తయారు చేశారు. వాయవ్య సరిహద్దు కొండల్లోని తెగల మీద వాడారు. 1899లో హేగ్‌లో దేశాలన్నీ కూర్చుని అట్లాంటి తూటా యుద్ధంలో వాడొద్దని తీర్మానించాయి. బ్రిటన్ ప్రతినిధి అప్పుడు ఒప్పుకోలేదు. ఆయన వాదన ఏమిటంటే, నాగరికుడైన సైనికుడు మామూలు తూటా తగిలితే ఆగిపోతాడు, అనాగరికుడు ఆగడు, మీద పడతాడు, అందుకే అతనికి వేరే తూటా కావాలి అని. మన వంటి కొండజాతుల శరీరాన్ని కొలిచి చేసిన తూటా అన్నమాట. ఈ ఒక్క సంగతి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు జోడెఘాట్‌కు వద్దాం.

భీం చుట్టూ 12 ఊళ్ల గోండులు, కోలాములు కూడారు. అడవి సరిహద్దు గీతలు, పశువుల మీద పన్ను, జంగ్లాతు జవాన్ల లంచాలు, పోడు కాల్చివేతలు, ఇవి మీకు తెలిసినవే. చేతుల్లో బరిసెలు, కత్తులు, గొడ్డళ్లు, విల్లులు, కొన్ని నాటు తుపాకులు. ఆ నాటు తుపాకుల బలం, బలహీనత రెండూ ఒక్క చోటే ఉన్నాయి. బలం ఏమిటంటే, వాటికి నిజాం సర్కారు తూటా అక్కర్లేదు. బయటి సరుకు పూర్తిగా ఆగిపోయేదాకా ఊరే నింపుకోగలదు. రైఫిలు చేతిలో ఉంటే తూటా అయిపోయిన రోజున అది కర్ర. నాటు తుపాకికి ఆ భయం తక్కువ. బలహీనత ఏమిటంటే సమయం. ఒకసారి కాల్చాక మూతి పైకెత్తి మందు పోయాలి, గుడ్డో పీచో కూరి గజంతో దట్టించాలి, రవ్వలు వేయాలి, మళ్లీ కూరాలి, టోపీ పెట్టాలి. చేయి తిరిగినవాడికి కూడా నిమిషానికి రెండు మూడు సార్లకు మించి కాదు. అదే కాలపు సైనిక రైఫిలు శిక్షణలో నిమిషానికి 15 గురిచూసిన కాల్పులు కాల్చాలి. పైగా నింపేటప్పుడు మనిషి లేచి నిలబడాలి లేదా మోకాలి మీదకు రావాలి. పడుకుని నింపడం దాదాపు సాధ్యం కాదు. రైఫిలు వాడు పడుకునే ఉంటాడు.

1940లో ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడెఘాట్‌లో జరిగింది ఈ రెండు గడియారాల మధ్య పోరు. వెన్నెల రాత్రి, తడి అడవి. నల్లమందు తేమను పీలుస్తుంది, వెలిగితే తెల్లటి పొగ లేస్తుంది, ఆ పొగ కాల్చినవాడి జాడ చెబుతుంది. కార్ఖానా తూటాకు తేమ బెడద తక్కువ, పొగ లేదు. భీంకు మంత్రం తెలుసని, చచ్చినా మళ్లీ లేస్తాడని భయపడి ఆయన శరీరంలోకి లెక్కలేనన్ని తూటాలు దింపారని చెప్పుకుంటారు. ఒక్కో కాల్పుకు ఒక్కోసారి నింపుకునే మనిషి మీద, పడిపోయాక కూడా వృథా చేయగలిగినన్ని తూటాలు. ఆ తేడాయే ఆ రాత్రి ఫలితం. ధైర్యం తక్కువై ఓడిపోయారని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి.

ఆ పోరు తర్వాతే సర్కారు కళ్లు తెరిచింది. హైమన్‌డార్ఫ్ వచ్చాడు, 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. మా బి.ఎడ్. తరగతిలో గిరిజన విద్య అనగానే ఆ ఊరి పేరే ముందు వచ్చేది. భీం నాటు తుపాకి లేకపోతే మార్లవాయి బడి ఉండేది కాదని నేను మా పిల్లలకు చెబుతాను. 1946 నుంచి సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలోనూ ముందు వడిసెల, కారం, నాటు తుపాకి, తర్వాతే పట్టుకున్న పాయింట్ 303లు. వాటితో పాటే తూటాల వెతుకులాట. గోదావరి అడవుల్లో కోయలు ఆ బరువు మోశారు. దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే ఇక్కడ ఆపుతున్నాను.

మనం బతుకుతున్న బొగ్గు బెల్టులో మందు కథ ఇంకో దారి పట్టింది. 1871లో ఇల్లెందు దగ్గర కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గు గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. డిసెంబరు 23న మనం సింగరేణి దినోత్సవం జరుపుకుంటాం. 1960ల మొదట్లో రామగుండం వైపు బాయిలు తెరిచారు, గోదావరిఖని పుట్టింది. మీ నాన్నల్లో, తాతల్లో షాట్‌ఫైరర్లు ఉంటే ఒకసారి వాళ్ల పని అడిగి తెలుసుకోండి. బొగ్గు గోడకు రంధ్రం వేస్తారు, మందు కడ్డీ పెడతారు, కేపు అమరుస్తారు, బంకమట్టితో కూరి మూస్తారు, అందర్నీ దూరం పంపి పేలుస్తారు. నింపడం, కూరడం, నిప్పు పెట్టడం. తాత నాటు తుపాకికి చేసిన పనే ఇది, వంద రెట్లు పెద్దది. తేడాలు కూడా చూడండి. తాత గజం ఇనుముది, బాయిలో కూరే కడ్డీ చెక్కది, నిప్పురవ్వ పుట్టకూడదు కాబట్టి. గ్యాసు ఉండే బొగ్గు బాయిలో నల్లమందు మంట ఎక్కువసేపు ఉంటుంది, గ్యాసు అంటుకుంటుంది. అందుకే అనుమతించిన ప్రత్యేక మందే వాడాలి. షాట్‌ఫైరర్‌కు సర్టిఫికెట్ ఉండాలి, తీసుకున్నదీ వాడినదీ మిగిలినదీ రాసి మ్యాగజైనుకు లెక్క అప్పజెప్పాలి. ఈ నిబంధనల్లో ఒక్కోదాని వెనక ఎక్కడో చనిపోయిన కూలీలున్నారు.

మా తాతకు కుడి చూపుడువేలు సగమే ఉండేది. చిన్నప్పుడు పులి కొరికిందని మాకు చెప్పేవాడు, మేం నమ్మేవాళ్లం. పెద్దయ్యాక నాయనమ్మ చెప్పింది, నాటు తుపాకి గొట్టం వెనక్కి పేలిందని. మందు ఎంత పోయాలో తెలిసిన మనిషే. గొట్టం పాతబడింది, లోపల చిలుము పట్టింది, పైకి కనిపించలేదు. ఆయన అదృష్టవంతుడు, కన్ను పోలేదు.

ఇక మీ కాలానికి వద్దాం. ఇప్పుడు 1959 నాటి ఆయుధ చట్టం నడుస్తోంది. దాని 13వ సెక్షన్‌లో మనకు సంబంధించిన ఒక మాట ఉంది. నిజంగా పంట కాపాడుకోవడానికైతే మూతి నుంచి నింపే తుపాకికి లైసెన్సు అడగవచ్చు. ఆ మాట చట్టంలో ఉన్న సంగతి మన గూడేల్లో ఎంతమందికి తెలుసు? అడవి పందులు మొక్కజొన్న తినేస్తే రాత్రంతా మంచె మీద కూర్చునే రైతుకు ఇది తెలియాలి. లైసెన్సు ఉన్నా వేట చేయకూడదు, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. మన దగ్గరే కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వు చేశారు, అక్కడ ఇంకా గట్టి కాపలా. లైసెన్సు లేకుండా తుపాకి గానీ తూటా గానీ తయారు చేస్తే శిక్ష ముందు మూడేళ్ల నుంచి ఏడేళ్లు ఉండేది. 2019 సవరణతో కనీసం ఏడేళ్లు, ఎక్కువైతే యావజ్జీవం అయింది. ఖాళీ గొట్టంలో మందు నింపడం సరదా పని అని ఫోనులో అమెరికా వీడియో చూసి అనుకునే తమ్ముళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి. వీడియో తీసినవాడి దేశం వేరు, చట్టం వేరు. మనవాడు దొరికితే ఇంకో మాట కూడా చేరుతుంది. ఆదివాసి పిల్లవాడి దగ్గర తూటా దొరికితే పోలీసు ముందు అనుమానించేది పందుల వేటను కాదు. ఏమనుమానిస్తారో మన బెల్టులో పుట్టినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సంతకు, సభకు వచ్చిన గోండుల మీద కాల్పులు జరిగాయి. సర్కారు లెక్క 13 మంది, మన లెక్క అంతకన్నా చాలా ఎక్కువ. ఆ రోజు వాళ్ల చేతుల్లో తుపాకులు లేవు.

ఇంట్లో తాతల నాటి తుపాకి అటక మీద ఉంటే అది జ్ఞాపకమే, చట్టం దృష్టిలో మాత్రం లైసెన్సు లేని ఆయుధమే. దాన్ని బారు చేసి చూడాలనుకోకండి. లోపల ఎప్పటిదో మందు అట్లాగే ఉండవచ్చు. దాన్ని ముట్టుకోకుండా ఊరి పెద్దనో సర్పంచినో వెంటబెట్టుకుని, తెలిసిన వకీలును అడిగి, అధికారులకు అప్పజెప్పే దారి చూడండి.

అప్పజెప్పకుండా మీ దగ్గరే ఉంచుకోవలసినవి కూడా ఉన్నాయి. అవి మాటలు. గజాన్ని గోండిలో ఏమంటారు, కోలామీలో ఏమంటారు, మందు కొమ్మును నాయక్‌పోడ్ ముసలివాళ్లు ఏమంటారు, తుపాకి బాగుచేసిన కమ్మరి ఏ ఊరివాడు, గంధకం ఏ సంతలో దొరికేది, వేటలో మొదటి వాటా ఎవరిది. ఈ ప్రశ్నలకు జవాబు తెలిసిన మనిషికి ఇప్పుడు ఎనభై ఏళ్లు దాటి ఉంటాయి. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు అడగండి. ఫోను ఉంది కదా, గొంతు రికార్డు చేయండి. ఎవరు చెప్పారో, ఏ ఊరో, ఏ తేదీయో కింద రాసి సంఘానికి పంపండి. వచ్చే సంచికకు నేను ఆ మాటల్ని ఒక్కచోట కూర్చి ఇస్తాను. మా హాస్టల్ పిల్లలు ఇప్పటికే పదకొండు మాటలు తెచ్చారు, వాటిలో నాలుగు నేనెప్పుడూ విననివి.